వాణిజ్య భవనానికి ఏసీ: మీటరు ఎవరిది, గంటలెన్ని?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విజయవాడలో బందరు రోడ్డుకు దగ్గర్లో జీ ప్లస్ 4 కడుతున్నారు. అంతస్తుకు 4,500 చదరపు అడుగులు. గ్రౌండ్, ఫస్ట్ ఫ్లోర్లలో మీ సొంత బట్టల షోరూం. రెండో అంతస్తు డయాగ్నస్టిక్ సెంటర్‌కు మాట అయిపోయింది. మూడు, నాలుగు ఆఫీసులకు అద్దెకిద్దామని ఆలోచన. మూడో శ్లాబు పడింది. ఒక కాంట్రాక్టరు మొత్తానికి 180 టన్నుల వీఆర్ఎఫ్ (ఒకే ఔట్‌డోర్‌కు ఎన్నో ఇండోర్‌లు కలిపే ఏసీ) పెట్టమన్నాడు. ఇంకొకాయన పెద్ద భవనాలకు చిల్లరే (నీళ్లను చల్లబరిచి భవనమంతా తిప్పే యంత్రం) పద్ధతి, 150 టన్నులు పెట్టండి అన్నాడు. మీ బావగారేమో స్ప్లిట్‌లు బిగించుకుంటే సరిపోయేదానికి ఇంత ఖర్చు దేనికంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఏలూరు నుంచి ఒంగోలు దాకా ఇరవై మూడేళ్లుగా ఈ పనే చేస్తున్నాను కాబట్టి సూటిగా చెబుతాను. ముగ్గురూ మెషీన్ పేరుతో మొదలుపెట్టారు. మెషీన్ పేరు ఆఖర్న రావాలి. మీ భవనంలో ముందు తేలాల్సినవి రెండు: ఏ అంతస్తు ఏసీ ఏ గంటల్లో తిరుగుతుంది, ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారు. ఈ రెండూ కాగితం మీద రాసుకుంటే సగం నిర్ణయం దానంతటదే అయిపోతుంది.

రాసి చూద్దాం. షోరూం ఉదయం పదింటికి తెరిచి రాత్రి తొమ్మిదిన్నర, పదింటిదాకా. శ్రావణం, దసరా, పెళ్లి ముహూర్తాల రోజుల్లో ఇంకా ఎక్కువ. ఆదివారం మూయరు. బిల్లు మీది. డయాగ్నస్టిక్ సెంటర్ పొద్దున ఆరింటికే తెరవాలి, పరగడుపున రక్తం ఇచ్చేవాళ్లు ఆ వేళకే వస్తారు. ల్యాబులో అనలైజర్ల గది రాత్రి కూడా చల్లగా ఉండాలి. బిల్లు వాళ్లది. ఆఫీసులు తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర వరకు, శని ఆదివారాలు కొందరికి సెలవు. బిల్లు వాళ్లది, అయితే ఎవరో ఇంకా తెలియదు. ఒక అంతస్తులో ఇద్దరు ముగ్గురు కూడా రావచ్చు.

ఇలాంటి భవనానికి ఒకే చిల్లర్ పెడితే ఏమవుతుందో ఊహించండి. పొద్దున ఆరింటికి ల్యాబుకు నాలుగు టన్నులు కావాలి. దానికోసం పెద్ద చిల్లరూ పంపులూ లేవాలి. 75 టన్నులవి రెండు పెట్టినా సరే, నాలుగు టన్నుల పనికి అంత కిందకు దిగి సాఫీగా నడవవు, ఆగుతూ లేస్తూ ఉంటాయి. పైగా ఆ గంటల కరెంటు ఎవరి ఖాతాలో రాయాలి? చల్లనీళ్ల లైన్ల మీద ఎవరెంత చల్లదనం వాడారో కొలిచే బీటీయూ మీటర్లు పెట్టి పంచుకోవచ్చు. మాల్స్‌లో, ఐటీ భవనాల్లో చేసేది అదే. కానీ ఆ పంపకం చూసేందుకు అక్కడ ఫెసిలిటీ మేనేజర్ ఉంటాడు, ప్లాంట్ రూంలో మూడు షిఫ్టుల్లో ఆపరేటర్లు ఉంటారు. మీ దగ్గర ఆ పని మీ నెత్తినే పడుతుంది.

బిల్లు సంగతి తేలిగ్గా తీసుకోవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట గుంటూరులో ఒక భవనంలో ఒకే వీఆర్ఎఫ్ ఔట్‌డోర్‌కు ఇద్దరు అద్దెదారుల ఇండోర్ యూనిట్లు కలిపాను. యజమాని అడిగాడు, పైపు ఖర్చు తగ్గుతుందని నేనూ ఒప్పుకున్నాను. ఒకరు ట్యూషన్ సెంటర్, రాత్రి ఎనిమిదింటిదాకా. ఇంకొకరిది ఆడిటర్ ఆఫీసు, ఆరింటికే మూసేస్తారు. ఔట్‌డోర్ కరెంటు కామన్ మీటరు మీద. సాఫ్ట్‌వేర్ ఎవరెంత వాడారో అంచనా వేసి చూపిస్తుంది గానీ అది అంచనాయే, డిస్కం మీటరులాంటిది కాదు. మూడో నెలకల్లా గొడవ. ఏడాదిన్నరకు ఆడిటర్ ఖాళీ చేసి వెళ్లిపోయారు. అప్పటినుంచి నాకు ఒకటే నియమం: ఒక అద్దెదారు, ఒక ఔట్‌డోర్ సిస్టమ్, ఒక మీటరు. ఇండోరూ ఔట్‌డోరూ రెండూ అదే మీటరు మీద. దీన్ని మీరు ఎవరి కోసమూ సడలించొద్దు.

ఇప్పుడు టన్నుల లెక్క. 180 టన్నులు ఎలా వచ్చాయో నాకు తెలుసు. 22,500 చదరపు అడుగులను 125తో భాగించారు, అంతే. ఈ 'చదరపు అడుగుల లెక్క' పాత రోజుల్లో పనికొచ్చింది. అప్పట్లో షోరూములన్నీ హాలోజన్ లైట్లు, ఆఫీసుల్లో పెద్ద పెద్ద డబ్బా మానిటర్లు. ఇప్పుడు ఆ వేడి లేదు. మీ షోరూం ఒక అంతస్తుకు నేను మోటుగా వేసిన లెక్క ఇదీ. టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ, మన కొలతలో మూడున్నర కిలోవాట్ల చల్లదనం.

రద్దీ వేళ 90 మంది ఉంటారనుకుందాం. మనిషి ఒంటి వేడి, చెమట కలిపి గంటకు 450 బీటీయూ లెక్కన మూడున్నర టన్నులలోపు. లైట్లు చదరపు అడుగుకు 2 వాట్లు, అంటే 9 కిలోవాట్లు, రెండున్నర టన్నులు. రోడ్డు వైపు, అంటే పడమర, 40 అడుగుల పొడవు 10 అడుగుల ఎత్తు అద్దం పెడతామన్నారు. అది మామూలు తెల్ల అద్దమైతే సాయంత్రం నాలుగింటికి అదొక్కటే ఆరు టన్నులు లోపలికి పంపుతుంది. ఎండను అడ్డుకునే మంచి కోటెడ్ డబుల్ గ్లాస్ పెడితే అది రెండున్నర టన్నులకు దిగుతుంది. గోడలు, బిల్లింగ్ కంప్యూటర్లు, తలుపు తెరిచి మూసే గాలి కలిపి నాలుగైదు టన్నులు. మిగిలింది తాజా గాలి. అంతమంది ఉన్న షోరూంకి నిమిషానికి సుమారు 1,200 ఘనపు అడుగుల బయటి గాలి తీసుకురావాలి. మే నెలలో బయట 40 డిగ్రీలు, వెట్ బల్బ్ (గాలిలో తేమను తెలిపే కొలత) 28 అనుకుంటే ఆ గాలిని చల్లబరిచి, తేమ పిండడానికే ఏడున్నర టన్నులు పోతుంది. అన్నీ కలిపితే తెల్ల అద్దంతో పాతిక టన్నులు, మంచి అద్దంతో ఇరవై ఒకటి. ఆ కాంట్రాక్టరు లెక్కలో ఇదే అంతస్తుకు 36 టన్నులు పడ్డాయి.

అద్దం మీద పెట్టిన డబ్బు ఏసీ మీద ఎలా తిరిగొస్తుందో చూశారు కదా. మూడున్నర టన్నుల మెషీన్, దాని కరెంటు, దాని కాంట్రాక్ట్ డిమాండ్ (కరెంటు కంపెనీతో ఒప్పుకున్న గరిష్ఠ లోడు), జనరేటర్‌లో దాని వాటా ఇవన్నీ తగ్గుతాయి. ఎలివేషన్ డ్రాయింగ్ ఇంకా ఖాయం కాలేదంటున్నారు కాబట్టి ఆర్కిటెక్ట్‌తో ఈ వారమే కూర్చోండి. పడమర అద్దం సగానికి తగ్గించినా, అద్దం ముందు రెండడుగుల నిలువు ఫిన్‌లు పెట్టినా ఫలితం ఉంటుంది. నాలుగో అంతస్తు పైకప్పుకు ఇన్సులేషన్ వేసి, పైన తెల్లటి కూల్ రూఫ్ పూత వేయండి. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి వాణిజ్య భవనాలకు తప్పనిసరి చేశారు. మీరు ఉన్నది ఆంధ్రలో అయినా ఎండ ఒక్కటే. మరో మాట: 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ గానీ 120 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ గానీ దాటే వాణిజ్య భవనాలకు ఈసీబీసీ, అంటే ఇంధన పొదుపు భవన నియమావళి ఉంది. మీకు ఏసీ ఒక్కటే ఆ గీత దాటుతుంది. ప్లాన్ అప్రూవల్‌లో అది చూసుకున్నారా అని ఆర్కిటెక్ట్‌ను అడగండి.

మొత్తం భవనానికి సరిగ్గా హీట్ లోడ్ (ఏసీ తీసేయాల్సిన వేడి లెక్క) వేస్తే 110 టన్నుల అటూ ఇటూ వస్తుందని నా అంచనా. 180కీ 110కీ మధ్య 70 టన్నులు. టన్నుకు 1.2 కిలోవాట్లు వేసుకున్నా 84 కిలోవాట్ల లోడు. ట్రాన్స్‌ఫార్మర్ సైజు, నెలనెలా కట్టే డిమాండ్ ఛార్జీలు, డీజీ సెట్ (జనరేటర్) అన్నీ దాని మీదే పెరుగుతాయి. ఎక్కువ ఉంటే మంచిదే కదా, ఎండాకాలం ధైర్యం అని చాలామంది అంటారు. మన కృష్ణా తీరంలో అది తప్పు. ఏసీ అనేది పుట్టిందే తేమ కోసం. 1902లో విల్లిస్ క్యారియర్ అనే ఇంజినీరు బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయానికి మొదటి యంత్రం డిజైన్ చేసింది మనుషులకు చల్లదనం ఇవ్వడానికి కాదు, గాలిలో తేమకు కాగితం సాగి రంగులు పక్కకు జరిగిపోతున్నాయని. అవసరానికి మించిన మెషీన్ గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది. తేమ పిండేంత సేపు తిరగదు. ఇన్వర్టర్ కంప్రెసర్ వేగం తగ్గించుకుని కొంత సర్దుకుంటుంది, కొంతవరకే. జూలై, ఆగస్టుల్లో 23 డిగ్రీలు చూపిస్తూనే షోరూం జిగటగా ఉంటుంది. పట్టుచీరలు మడతపెట్టిన ర్యాకుల్లో ముక్కిన వాసన మొదలవుతుంది. బట్టల వ్యాపారం మీది, ఆ వాసన విలువ నాకన్నా మీకే బాగా తెలుసు.

ఇక మెషీన్ల సంగతి. మీ బావగారి మాటలో సగం నిజం ఉంది. స్ప్లిట్, క్యాసెట్ (సీలింగులో బిగించే రకం) యూనిట్లలో ఒకటి చెడిపోతే ఒక గదే ఆగుతుంది, బాగుచేసే మెకానిక్ ఏ వీధిలోనైనా దొరుకుతాడు, ఎవరి మీటరు వాళ్లకు వెళుతుంది. చిన్న చిన్న ఆఫీసులుగా విడగొట్టి అద్దెకిస్తే ఇప్పటికీ ఇదే మంచి మార్గం. లోపం ఎక్కడంటే, 110 టన్నులకు 50, 60 ఔట్‌డోర్ యూనిట్లు అవుతాయి. వాటికి చోటు ఎక్కడ? మనవాళ్లు చేసేది లిఫ్టు వెనక నాలుగడుగుల సందు వదిలి ప్రతి అంతస్తులోనూ అందులోనే బిగించడం. కింది యూనిట్ వదిలిన వేడిగాలిని పైది పీలుస్తుంది, దాని వేడిని ఆపైది. ఒక భవనంలో మే నెల మధ్యాహ్నం అలాంటి సందులో థర్మామీటర్ పెట్టి చూశాను. కింద 42 ఉంటే నాలుగో అంతస్తు దగ్గర 53. పై రెండంతస్తుల మెషీన్లు రోజూ మూడింటికి హై ప్రెషర్‌లో ట్రిప్ అయ్యేవి. మెకానిక్ వచ్చి గ్యాస్ తక్కువైందని మళ్లీ మళ్లీ గ్యాస్ కొట్టి వెళ్లేవాడు. గ్యాస్ తప్పేం లేదు, మెషీన్‌కు ఊపిరాడటం లేదు. రెండు నెలల్లో మూడు కంప్రెసర్లు పోయాయి. ఏ సిస్టమ్ పెట్టినా సరే, ఔట్‌డోర్‌లు టెర్రస్ మీదో, బయటికి పూర్తిగా తెరుచుకున్న బాల్కనీలోనో ఉండాలి. వేడిగాలి వెళ్లే వైపు ఎదురుగా గోడ ఉండకూడదు. ఎలివేషన్ అందం కోసం ముందు లూవర్లు బిగిస్తామంటే వాటి మధ్య ఖాళీ ఎంతో నన్నడక్కుండా బిగించవద్దు.

డక్టబుల్ యూనిట్లు, అంటే సీలింగులోని గాలి గొట్టాల (డక్టుల) ద్వారా చల్లగాలి పంపేవి, షోరూంలాంటి పెద్ద హాలుకు చక్కగా సరిపోతాయి. గాలి సమంగా పడుతుంది, డక్టులోకే తాజా గాలి కలపవచ్చు, ఫిల్టర్లు మంచివి పెట్టవచ్చు. డక్టుకు బీము కింద ఒకటిన్నర అడుగు ఎత్తు కావాలి, మీ ఫ్లోర్ హైట్ చూసుకోవాలి.

వీఆర్ఎఫ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీకు ఎక్కువగా అమ్మజూపేది అదే. 1982లో డైకిన్ కంపెనీ జపాన్‌లో వీఆర్‌వీ పేరుతో తెచ్చిన పద్ధతి ఇది. ఒక ఔట్‌డోర్, దానికి రాగి పైపులతో ఎన్నో ఇండోర్‌లు, ఏ గదికి ఎంత కావాలో అంత గ్యాసే వెళుతుంది. సగం లోడులో బాగా పొదుపు చేస్తుంది. మన భవనాలు ఏడాదిలో ఎక్కువ గంటలు సగం లోడులోనే నడుస్తాయి కాబట్టి ఆ పొదుపు నిజమైనదే. కానీ మూడు సంగతులు ఎవరూ చెప్పరు.

ఒకటి, వీఆర్ఎఫ్‌ను హెచ్‌పీలలో అమ్ముతారు. హెచ్‌పీ అంటే టన్ను అనుకుని చాలామంది మోసపోయారు. 10 హెచ్‌పీ అంటే 28 కిలోవాట్లు, అంటే 8 టన్నులే. అది కూడా బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు. మన మే నెలలో టెర్రస్ మీద 43, 44 ఉంటే అది ఇంకా తగ్గుతుంది, పైపు పొడవు పెరిగినకొద్దీ మరికొంత తగ్గుతుంది. కొటేషన్‌లో '43 డిగ్రీల దగ్గర, నా సైటు పైపు పొడవుతో ఎన్ని కిలోవాట్లు ఇస్తుంది, ఎన్ని కిలోవాట్ల కరెంటు తీసుకుంటుంది' అని రాతపూర్వకంగా అడగండి. తయారీదారు సెలక్షన్ సాఫ్ట్‌వేర్ ఆ షీటు ఇస్తుంది. ఇవ్వలేనన్న కాంట్రాక్టరును పక్కన పెట్టండి.

రెండు, పని నాణ్యత. రాగి పైపు అతుకు వేసేటప్పుడు లోపల నైట్రోజన్ పారుతూ ఉండాలి. లేకపోతే లోపల నల్లటి పొరలు కట్టి, అవి ఊడి వెళ్లి వాల్వుల్లో ఇరుక్కుంటాయి. అతుకులన్నీ అయ్యాక 550 పీఎస్‌ఐ నైట్రోజన్ ప్రెషర్‌తో కనీసం 24 గంటలు నిలబెట్టాలి, ఆ తర్వాత 500 మైక్రాన్లకు దిగేదాకా వాక్యూమ్ లాగాలి. ఫాల్స్ సీలింగ్ వేసేముందు ఈ గేజీల ఫొటోలు తేదీతో సహా మీ ఫోనులో ఉండాలి. సీలింగ్ మూశాక లీకు వెతకడం కన్నా దుఃఖం లేదు. వందల అడుగుల పైపు, పదుల అతుకులు, ఎక్కడని వెతుకుతాం?

మూడు, ప్రాణాలకు సంబంధించింది. వీఆర్ఎఫ్‌లో మొత్తం సిస్టమ్ గ్యాసు ఒక్క గదిలో లీకవడానికి వీలుంది. ఆర్410ఏ గ్యాసుకు వాసన ఉండదు, ప్రాణవాయువును పక్కకు నెడుతుంది. గది ఘనపు మీటరుకు 0.42 కిలోలు దాటకూడదన్నది పరిమితి. 10 అడుగులు, 10 అడుగులు, 9 అడుగుల ఎత్తు డాక్టరు గదిలో ఉండేది పాతిక ఘనపు మీటర్లు. అంటే పదిన్నర కిలోలు. మీ సిస్టమ్‌లో 15 కిలోల గ్యాసు ఉంటే ఆ చిన్న గది ఆ సిస్టమ్ మీద ఉండకూడదు, లేదా లీక్ డిటెక్టరు, వెంటిలేషన్ ఉండాలి. డయాగ్నస్టిక్ సెంటర్‌లో అల్ట్రాసౌండ్ గదులు తలుపు మూసుకుని ఉండే చిన్న గదులే, అందుకే చెబుతున్నాను.

చిల్లర్‌ను నేను తక్కువ చేయడం లేదు. 300 టన్నులు దాటిన ఆస్పత్రి, హోటల్, మాల్, ఒకే యజమాని, రోజంతా లోడు ఉంటే నీళ్లతో చల్లబరిచే చిల్లర్‌ను మించింది లేదు. మంచి సెంట్రిఫ్యూగల్ చిల్లర్ టన్నుకు 0.6 కిలోవాట్లలోపే తింటుంది. పంపులు, టవర్, ఏహెచ్‌యూలు (గాలిని చల్లబరిచి పంపే పెట్టెలు) కలిపినా టన్నుకు ఒక కిలోవాట్ దగ్గర ఆగుతుంది. గాలితో చల్లబరిచే చిల్లర్‌కు ఆ లాభం లేదు, అది ఒక్కటే టన్నుకు 1.2 దగ్గర ఉంటుంది, మీకు ఆ రెండో కాంట్రాక్టరు చెప్పింది అదేనని నా అనుమానం. నీళ్ల చిల్లర్ అయితే నీళ్లెక్కడివి? కూలింగ్ టవర్‌లో ఆవిరైపోయేవీ, ఉప్పు పేరుకోకుండా వదిలేసేవీ కలిపి ఒక టన్ను చల్లదనానికి గంటకు 8 నుంచి 10 లీటర్లు ఖర్చవుతాయి. మీ భవనానికి రోజుకు ఏడున్నర వేల లీటర్ల పైమాటే, అంటే 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటిన్నర. ఎండాకాలంలో బోరు దిగిపోయేదీ ఏసీ లోడు పెరిగేదీ ఒకే నెలలో. పైగా బోరు నీళ్ల ఉప్పదనం ఎక్కువైతే కండెన్సర్ గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది. సాఫ్టెనర్, మందులు, ఏటా గొట్టాలు తోమించడం, చూసే మనిషి. మీ భవనానికి అది బరువు.

ఇప్పుడు మీ స్థానంలో నేనుంటే ఏం చేస్తానో చెబుతాను.

షోరూం రెండంతస్తులకూ ఒక్కో వీఆర్ఎఫ్ సిస్టమ్, విడివిడిగా. ఇండోర్‌లు హాలులో డక్టబుల్ రకం, ట్రయల్ రూములు, క్యాష్ కౌంటర్ దగ్గర క్యాసెట్‌లు. అంతస్తుకు 22 నుంచి 25 టన్నులు, అసలు అంకె హీట్ లోడ్ షీటు చూశాకే. మెయిన్ తలుపుకు ఎయిర్ కర్టెన్. తాజా గాలికి ఈఆర్‌వీ, అంటే బయటకు పోయే చల్లగాలితో లోపలికి వచ్చే వేడిగాలిని ముందే చల్లబరిచే పెట్టె. ఏడున్నర టన్నుల తాజా గాలి లోడులో సగం దాకా అది మిగులుస్తుంది. మనవాళ్లు ఖర్చు తగ్గించాలంటే మొదట కోసేసేది దీన్నే, దయచేసి కోయకండి. స్ప్లిట్ అయినా క్యాసెట్ అయినా లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలి ఒక్క చుక్క తీసుకురాదు. సాయంత్రం ఏడింటికి షోరూంలో మీ సేల్స్ అమ్మాయిలకు తలనొప్పి వస్తోందంటే కారణం పని ఒత్తిడి ఒక్కటే కాదు. పన్నెండు గంటలు ఆ గాలి పీల్చేది వాళ్లు.

డయాగ్నస్టిక్ సెంటర్‌కు వాళ్ల మీటరు మీద ఇంకో సిస్టమ్. ల్యాబు, సర్వర్ గదులకు విడిగా రెండేసి స్ప్లిట్‌లు, ఒకటి నడిస్తే ఒకటి విశ్రాంతి. రాత్రి ఆ చిన్న మెషీనే తిరుగుతుంది, పెద్ద సిస్టమ్ నిద్రపోతుంది. ల్యాబు గాలి వెయిటింగ్ హాలు గాలితో కలవకూడదు, కాబట్టి రెంటికీ కలిపి ఒకే డక్టు ఒప్పుకోవద్దు. సీటీ, ఎంఆర్ఐ పెడితే ఆ మెషీన్ల తయారీదారే ఏ గదికి ఎంత చల్లదనం కావాలో కాగితం ఇస్తాడు, అది వచ్చేదాకా ఆ మూల ఖాయం చేయకండి.

మూడు, నాలుగు అంతస్తులకు ఇప్పుడు మెషీన్ కొనకండి. ఎవరు వస్తారో తెలియకుండా కొన్న ఏసీ, వచ్చినవాడి గోడలకు సరిపోదు. సగం ఇండోర్‌లు పీకి మళ్లీ బిగిస్తారు, ఆ అతుకుల దగ్గరే తర్వాత లీకులు. మెషీన్‌కు బదులు దారి సిద్ధం చేసి పెట్టండి. టెర్రస్ మీద ఒక్కో అంతస్తుకు గుర్తుపెట్టిన చోటు, అక్కడికి ఆ అంతస్తు మీటరు నుంచి కేబుల్, పైపులు దిగడానికి షాఫ్ట్, ప్రతి అంతస్తులో రెండు మూడు చోట్ల డ్రెయిన్ పాయింట్లు. అద్దె ఒప్పందంలో ఔట్‌డోర్ చోటు ఎక్కడో స్కెచ్ వేసి జతచేయండి. బ్యాంకులాంటి పెద్ద అద్దెదారు వచ్చి మీరే ఏసీ పెట్టివ్వండి అంటే అప్పుడు వాళ్ల లేఅవుట్ చూసి పెట్టవచ్చు, అద్దెలో కలుపుకోవచ్చు.

ఇక్కడ తొందర పడాల్సింది శ్లాబు గురించి. నాలుగో శ్లాబు పడేముందు పైపు షాఫ్ట్ కోసం స్లీవులు (పైపులు దూరేందుకు శ్లాబులో ముందే వదిలే గొట్టాలు) పెట్టించండి. బీములో డ్రెయిన్ పైపు కోసం రెండు స్లీవులు, స్ట్రక్చరల్ ఇంజినీరు ఒప్పుకున్న చోటే. తర్వాత కోర్ కటింగ్ చేస్తే కమ్మీ తెగుతుంది. టెర్రస్ మీద 20 హెచ్‌పీ ఔట్‌డోర్ ఒక్కొక్కటి సుమారు 300 కిలోలు ఉంటుంది, అలాంటివి ఎనిమిదో తొమ్మిదో ఒక వరుసలో వస్తాయని ఆయనకు ఇప్పుడే చెప్పండి. డ్రెయిన్ పైపు వందకు ఒకటి వాలు తప్పదు, పైపుకు ఇన్సులేషన్ తప్పదు. మన ఊళ్లో సీలింగ్ మీద పసుపు మరకల్లో ఎక్కువ భాగం ఏసీ లీకు కాదు, ఇన్సులేషన్ లేని డ్రెయిన్ పైపుకు పట్టిన చెమట.

కొటేషన్లు పోల్చేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. షోరూంకి 50 టన్నులు, సగటున 60 శాతం లోడు, రోజుకు 12 గంటలు, ఏడాదికి 350 రోజులు అంటే 1,26,000 టన్ను గంటలు. ఒక మెషీన్ టన్నుకు 1.3 కిలోవాట్లు, ఇంకొకటి 1.0 తింటే తేడా ఏడాదికి 37,800 యూనిట్లు. యూనిట్ 10 రూపాయలు అనుకున్నా 3 లక్షల 78 వేలు. కొటేషన్‌లో నాలుగు లక్షలు తగ్గించి ఇచ్చిన మెషీన్ రెండో ఏడాదికే మిమ్మల్ని ముంచుతుంది. జీఎస్టీ కూడా చూసుకోండి, ఏసీల మీద 28 శాతం ఉన్నది 2025 సెప్టెంబరు 22 నుంచి 18 అయింది. మీ దగ్గరున్న ఒక కొటేషన్ పాత రేటుతో ఉందేమో సరిచూడండి.

గ్యాసు విషయంలో రెండు ముక్కలు. ఆర్22 మెషీన్లు, సెకండ్ హ్యాండ్ అయినా సరే, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. ఆ తరగతి గ్యాసుల వాడకానికి మన దేశం పెట్టుకున్న ఆఖరి గడువు 2030. ఆర్410ఏ ఇప్పుడు బాగానే దొరుకుతుంది, కానీ కిగాలీ ఒప్పందాన్ని మనం 2021లో ఆమోదించాం, 2032 నుంచి ఆర్410ఏ లాంటి ఈ హెచ్‌ఎఫ్‌సీ గ్యాసులను మెట్టు మెట్టుగా తగ్గించాలి. పదిహేనేళ్లు వాడాల్సిన మెషీన్ కదా, ఆర్32తో పనిచేసే మోడల్ ఉందేమో అడగండి. దాని తాపన ప్రభావం ఆర్410ఏలో మూడో వంతు. కాకపోతే కాస్త మండే గుణం ఉంది, కాబట్టి పైన చెప్పిన చిన్న గదుల లెక్క దానికి ఇంకా కచ్చితంగా చేయాలి.

ఏఎంసీని, అంటే ఏటా నిర్వహణ ఒప్పందాన్ని, ఆర్డరుతోపాటే మాట్లాడండి, తర్వాత కాదు. అయిదేళ్ల ధర, కంప్రెసర్, పీసీబీ (కంట్రోల్ బోర్డు) కలిసి ఉన్న కాంప్రిహెన్సివ్, ఫోన్ చేసిన ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు, విజయవాడలో పీసీబీ స్టాకు ఉందా లేక చెన్నై నుంచి రావాలా. మే నెలలో పీసీబీ కోసం నాలుగు రోజులు షోరూం ఉక్కలో పెట్టుకున్నవాళ్లను చూశాను. బ్రాండ్ పేరు కన్నా ఈ జవాబు నాకు ముఖ్యం.

ఆఖరుగా, డబ్బులో పది శాతం ఆపి ఉంచండి. ఏసీ పని డిసెంబరులో అప్పగిస్తే అన్నీ చల్లగానే ఉంటాయి. మే నెలలో ఒక మధ్యాహ్నం మూడింటికి, షోరూం నిండా జనం ఉన్నప్పుడు 24 డిగ్రీలు, 60 శాతం లోపు తేమ నిలబడిందని కొలిచి చూపించాకే ఆ పది శాతం ఇస్తానని ఆర్డరులో రాయండి. మంచి కాంట్రాక్టరు దీనికి ఒప్పుకుంటాడు.

పడమర ఎలివేషన్ డ్రాయింగ్, ఫ్లోర్ టు ఫ్లోర్ ఎత్తు, డయాగ్నస్టిక్ వాళ్ల మెషీన్ల జాబితా ఇక్కడ పెట్టండి. షోరూం, రెండో అంతస్తు హీట్ లోడ్ షీటు నేను వేసి ఇస్తాను. నాలుగో శ్లాబు తేదీ ఎప్పుడో ముందు అది చెప్పండి.